పాటకు కట్నం

"నా పాట నలుగురూ వినాలంటే నేనే దుడ్డు కట్టాలంట చిన్నమ్మా, నిజమేనా?"

నిరుడు సంక్రాంతికి జమ్మలమడుగు దగ్గర పెన్నొడ్డునున్న మా ఊరికి పోయినప్పుడు ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. వాళ్ల అవ్వ మా చేలల్లో కలుపు తీస్తూ పాడిన పాటలు వింటూ పెరిగినదాన్ని నేను. అవ్వ దగ్గర నేర్చుకున్న ఒక పాటకు ఈ పిల్ల సొంతంగా రెండు చరణాలు కట్టి, టౌన్లో స్టూడియోకు గంటకింతని అద్దె ఇచ్చి రికార్డు చేయించుకుంది. పాటల వీడియోలు పెట్టే ఒక చానల్ వాళ్లకు పంపితే బాగుందన్నారు. 20 వేలు కడితే పెడతామన్నారు. పాట మీద హక్కులన్నీ వాళ్లవే. ఇంకో 10 వేలు కడితే 'ప్రమోషన్' చేస్తారట. అదేమిటని అడిగితే, చూసినవాళ్ల సంఖ్య పెంచడం, బాగుంది బాగుంది అని పదిమంది చేత రాయించడం అన్నారట. పక్కన కూర్చున్న వాళ్ల నాయన అందుకున్నాడు. "పెండ్లికి దుడ్డు యాడ తేవల్లని నేనేడుస్తాంటే, పాటకు గూడా కట్నమా?"

ఆయన విసుగులో అన్నాడు. నేను హైదరాబాదు బస్సెక్కాక కూడా ఆ మాట వదలలేదు.

అవ్వ సంగతి ముందు చెప్పాలి. 1990ల్లో, జానపద గీతాల క్యాసెట్లకు గిరాకీ ఉన్న రోజుల్లో, ఒక చిన్న కంపెనీ మనిషి మా ఊరికి వచ్చాడు. అవ్వనూ ఇంకో నలుగురు ఆడవాళ్లనూ జీపులో తీసుకుపోయి పొద్దుగూకేదాకా పాడించుకున్నాడు. తలా ఒక చీర, 300 రూపాయలు. ఆ రోజుకు పోయిన కూలి కూడా ఆ 300లోనే. క్యాసెట్ వచ్చాక చూస్తే అట్ట మీద ఒక మగాయన ఫోటో. సేకరణ, గానం, సంగీతం అన్నిటికీ ఆయన పేరే. కింద చిన్న అక్షరాల్లో 'మరియు బృందం'. అవ్వే ఆ బృందం. తిరునాళ్లలో ఆ క్యాసెట్ మోగుతుంటే "అది నా గొంతే మ్మే" అని పక్కనున్నామెకు చెప్పుకుంటే ఆమె నవ్విందట. ఇప్పటికీ అవ్వకు ఆ నవ్వే గుర్తు, 300 కాదు.

అవ్వ పాడితే చీర ఇచ్చారు. మనవరాలు పాడితే 30 వేలు అడిగారు. మధ్యలో రికార్డింగు చౌకయింది, ఫోన్లు వచ్చాయి, అందరికీ వేదిక దొరికిందని మనం వ్యాసాలు కూడా రాసుకున్నాం.

డబ్బిచ్చి పాట వేయించుకోవడానికి అమెరికాలో పేయోలా అని పేరు. 1950ల్లో రికార్డు కంపెనీల వాళ్లు రేడియోలో పాటలు వేసే డిస్క్ జాకీల చేతుల్లో డబ్బు పెట్టేవాళ్లు. 1959, 60 సంవత్సరాల్లో వాళ్ల కాంగ్రెసు విచారణ జరిపి 1960లో చట్టం చేసింది. నల్లవాళ్ల సంగీతాన్ని తెల్ల పిల్లలకు వినిపించిన అలెన్ ఫ్రీడ్ అందులో బలయ్యాడని చెబుతారు. 1962లో నేరం ఒప్పుకుని 300 డాలర్ల జరిమానా కట్టాడు, ఉద్యోగాలు పోయాయి, 43 ఏళ్లకే పోయాడు. నాకు ఆయన మీద మరీ అంత జాలి లేదు. చక్ బెరీ అనే నల్ల గాయకుడి 1955 నాటి 'మేబెలీన్' పాటకు రచయితల పేర్లలో ఫ్రీడ్ పేరు కూడా చేరింది. పాట కట్టడంలో ఆయన చెయ్యేమీ లేదు, రేడియోలో వేసే చెయ్యి ఆయనది. బెరీకి తన పాట పూర్తిగా తిరిగి దక్కడానికి 1986 దాకా పట్టింది. అవ్వ క్యాసెట్ అట్ట మీది పేరుకూ ఈ పేరుకూ చుట్టరికం ఉంది.

ఆ చట్టంలో ఒక వింత ఉంది. డబ్బు తీసుకుని పాట వేయడం తప్పు కాదు. తీసుకున్న సంగతి శ్రోతలకు చెప్పకపోవడమే తప్పు. చదువుతుంటే నాకు మన 1961 వరకట్న నిషేధ చట్టం గుర్తొచ్చింది. అడగకుండా ఇచ్చిన కానుకలు కట్నం కిందికి రావు, జాబితా రాసి పెట్టుకుంటే చాలు. ఆ జాబితా ఎలా రాయాలో 1985లో నియమాలు కూడా చేశారు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో పెండ్లి నగలు బేరమాడుతున్న తండ్రుల్లో ఒక్కరైనా ఆ జాబితా రాయడం మీరెవరైనా చూశారా? నేను చూడలేదు. కట్నం పద్ధతి మనకు తెలిసిందే. పిల్ల మంచిదే, చదువుకున్నదే, అయినా ఆ ఇంటి గడప తొక్కాలంటే డబ్బు పడాలి. ఇచ్చేవాళ్లు ఉన్నకొద్దీ రేటు పెరుగుతుంది. ఇవ్వలేని ఇంటి పిల్ల ఉండిపోతే, ఏదో లోపముంది కాబట్టే ఎవరూ కోరలేదంటారు. రేడియోకు ఎక్కని పాటను కూడా అదే అంటారు, జనం కోరలేదని.

జనం కోరడం అనే మాట దగ్గర కొంచెం ఆగుతాను. నాకు దానితో పాత లెక్క ఒకటుంది.

మా చిన్నప్పుడు రేడియో అంటే కడప స్టేషన్. 1963లో మొదలైన కేంద్రం అది. శ్రోతలు కోరిన సినిమా పాటలు వేసేటప్పుడు, పాటకు ముందు ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ చదివేవాళ్లు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అని వినబడితే చాలు, చెవులు రిక్కించేవాళ్లం. కార్డు 15 పైసలున్న రోజులు. నేను ఎనిమిదో తరగతిలో, ఎవరికీ చెప్పకుండా, సుశీల పాట ఒకటి కోరుతూ కార్డు రాశాను. రెండు వారాలకు నా పేరు చదివారు, ఇంటిపేరుతో సహా. ఇంట్లో అందరూ అన్నాల దగ్గర ఉన్నారు. మా నాయన ముద్ద కింద పెట్టి, "ఇంటి ఆడపిల్ల పేరు జిల్లా అంతా చదివించుకుంటాదా?" అన్నాడు. వారం రోజులు రేడియో బీరువాలో. సుశీల పాట నేను వినలేదు. పేరు చదివిన వెంటనే మా నాయన మీట నొక్కేశాడు.

అదే కాలంలో పులివెందులలో మా మేనమామ కొడుకులు వారం వారం కార్డులు రాసేవాళ్లు. తమ పేర్లతో కాదు. ఆడపిల్లల పేర్లయితే తప్పక చదువుతారని వాళ్ల నమ్మకం. సరళ, విమల, సుజాత, పద్మజ అని రేడియోలో వినబడిన వాళ్లంతా బస్టాండు దగ్గర టీ అంగట్లో కూర్చున్న, అప్పుడప్పుడే మీసాలొస్తున్న పిల్లోళ్లు. వాళ్ల నాయన ఆ సంగతి తెలిసి విరగబడి నవ్వాడు. ఉన్న ఆడపిల్ల ఒక పాట కోరితే ఇంటి పరువు పోయింది, లేని ఆడపిల్లలు నలుగురు కోరితే వేడుకయింది.

అది పిల్లచేష్ట. దాన్నే వ్యాపారంగా చేస్తే ఎలా ఉంటుందో 2005లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ బయటపెట్టాడు. రేడియో స్టేషన్ల వాళ్లకు విహారయాత్రలు, ఖరీదైన సామాన్లు, శ్రోతల పోటీలకు బహుమతుల పేరుతో డబ్బు ఇచ్చి పాటలు వేయించుకున్నారని తేలాక, ఆ జూలైలో సోనీ బి.ఎం.జి. కోటి డాలర్లు కట్టి రాజీకి వచ్చింది. అదే ఏడాది వార్నర్ 50 లక్షలు, మరుసటేడు యూనివర్సల్ కోటీ 20 లక్షల డాలర్లు కట్టాయి. నన్ను ఆపేసింది ఆ అంకెలు కాదు. కంపెనీ వాళ్లు మనుషుల్ని కూలికి పెట్టి స్టేషన్లకు ఫోన్లు చేయించేవాళ్లు, అభిమానులమని చెప్పి ఫలానా పాట వేయమని అడగడానికి. బయటపడ్డ ఉత్తరాల్లో ఒకదాని సారాంశం ఇది: వారం వారం అవే ఒకరిద్దరు అమ్మాయిలు ఫోన్ చేస్తున్నారని స్టేషన్ లోపలి మనవాళ్లు అంటున్నారు, వాళ్ల గొంతుల్లో ఉత్సాహం చాలడం లేదు, ఇంకా ఉరకలేయాలి.

చావుకు కిరాయి ఏడుపులు పెట్టుకోవడం మనకు తెలుసు. ఇవి కిరాయి కోరికలు. పాట కంపెనీ కొన్నది, ప్రసారం కంపెనీ కొన్నది, చివరికి ఆ పాటను ఎవరో ఆడపిల్ల మనసారా కోరిందన్న అబద్ధం కూడా కొన్నది. ఆ అబద్ధానికి ఆడగొంతే కావాల్సి వచ్చింది, మా బావలకు ఆడపేర్లు కావాల్సి వచ్చినట్టే. ఇప్పుడు ఆ పిల్లను అడిగిన 10 వేల 'ప్రమోషన్'లో బాగుంది బాగుంది అని రాసేవాళ్ల ఖాతాల పేర్లు ఏమై ఉంటాయో వేరే చెప్పాలా?

నిజంగా కోరితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1949లో 'మహల్' సినిమాలోని 'ఆయేగా ఆనేవాలా' రికార్డు మీద గాయని పేరు కామిని అని వేశారు. కామిని సినిమాలో పాత్ర పేరు. పాడిన అమ్మాయి పేరు రికార్డు మీద లేదు. పాట రేడియోలో రాగానే పాడిందెవరని శ్రోతలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అప్పుడు కంపెనీని అడిగి లతా మంగేష్కర్ అని ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఉత్తరాలకు ఎవరూ డబ్బివ్వలేదు. వాటిలో ఆడవాళ్లవి ఎన్నో, రాసినందుకు ఎందరి ఇళ్లలో రేడియో బీరువాలోకి పోయిందో!

ఆకాశవాణి మంచిది, ప్రైవేటు చెడ్డది అని తేల్చేసే ఉద్దేశం నాకు లేదు. ఆకాశవాణిలో పాడితే రాష్ట్రపతి తరఫున కాంట్రాక్టు కాగితం, ఎంతో కొంత పారితోషికం వస్తాయి. గౌరవమే. కానీ ఆ గడపకూ ఒక కట్నం ఉండేది, శీలం రూపంలో. 1902లో గౌహర్ జాన్ మొదలుకొని ఈ దేశంలో గ్రామఫోను వ్యాపారానికి పునాది వేసింది గృహిణులు కాని స్త్రీల గొంతులే. 1946లో వల్లభాయ్ పటేల్ సమాచార శాఖ చూస్తున్నప్పుడు, సొంత జీవితం మర్యాదగా లేదనే పేరుతో అలాంటి స్త్రీలకే రేడియో తలుపులు మూశారు. మగ విద్వాంసుల సొంత జీవితాల మీద ఏ విచారణా జరగలేదు.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. మన దేశంలో పేయోలా అనే పేరుతో చట్టమేదీ లేదు. ఇక్కడ చట్టం తగవు అటునుంచి నడిచింది. పాటలు వేసినందుకు ఎఫ్.ఎం. స్టేషన్లు కంపెనీలకు ఎంత కట్టాలన్నదే గొడవ. ప్రకటనల ఆదాయంలో 2 శాతం చాలని 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు చెప్పింది. మరి అడ్డదారి లేదా అంటే, ఉంది. టి-సిరీస్ కంపెనీ తన పాటలకు నెలకు ఇంత శాతం ప్రసార సమయమని లెక్కగట్టి, వేసినా వేయకపోయినా ఆ మొత్తం కట్టి తీరాలన్న షరతు స్టేషన్లకు పెట్టిందని కాంపిటీషన్ కమిషన్ 2014 అక్టోబరులో తప్పుపట్టి, 2 కోట్ల 83 లక్షల జరిమానా వేసింది. ముందే డబ్బు కట్టేసిన సరుకును ఏ అంగడివాడైనా వాడకుండా పడేస్తాడా? గంటలో సగం అలా నిండిపోతే మిగిలిన సగంలో కొత్త సినిమాల పాటలు, వాటి మధ్య ప్రకటనలు. కలుపు పాటకు నిమిషం ఎక్కడ మిగులుతుంది? ఇక్కడ లంచం కవరు లేదు, కాగితం మీద సంతకం చేసిన ఒప్పందం ఉంది. పాడినామెకు రెండిట్లోనూ ఒకటే ఫలితం. 2020లో స్పాటిఫై సంస్థ ఇంకో మెట్టెక్కింది. మీ పాటను ఎక్కువమందికి వినిపిస్తాం, బదులుగా మీ రాయల్టీ తగ్గించుకోండి అంది. చేతికి డబ్బివ్వక్కర్లేదు, రాబోయేదాంట్లో కోసుకుంటారు. కట్నం బాకీకి కోడలి జీతం పట్టుకున్నట్టు.

'సేవ' సంగతి కూడా చెప్పాలి. అమెరికా చట్టం పేయోలాను నిర్వచిస్తూ డబ్బు, సేవ, లేదా విలువైన మరేదైనా అంటుంది. ఆ మధ్య మాటను మగ న్యాయవాదులు ఎలా చదువుతారో గాని, మన సినిమా రంగంలో పాటకో పాత్రకో తలుపు తట్టిన ఆడపిల్లకు దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి ఫిలిం ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చున్నప్పుడు మనలో చాలామంది ఆమె పద్ధతి గురించే మాట్లాడాం. నేను కూడా. అదే ఏడాది అక్టోబరులో గాయని చిన్మయి నోరు విప్పింది. నవంబరులో తమిళ డబ్బింగ్ కళాకారుల సంఘం ఆమె సభ్యత్వం తీసేసింది. చెప్పిన కారణం, చందా కట్టలేదని! అడిగింది ఇవ్వకపోతే ఒక నేరం, అడిగారని చెబితే చందా బాకీ.

వాదించేవాళ్లు ఉంటారు. సబ్బుకు ప్రకటన ఉన్నట్టే పాటకూ ఉంటుంది, మంచి పాట ఎలాగూ నిలబడుతుంది అని. సబ్బు ప్రకటనను ప్రకటన అని చెప్పి వేస్తారు. ఇక మంచి పాట నిలబడిన కథ 2021లో చూశాం. 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' ఊరూరా మోగిపోయింది. ఆ పాటను ముందు సేకరించి వేదికెక్కించింది తానని వరంగల్ వైపు గాయని ఒకామె ముందుకొస్తే, జానపదం ఎవరి సొత్తూ కాదని ఆమెకు పాఠాలు చెప్పారు. ఎవరి సొత్తూ కాని పాట సినిమాలోకి రాగానే ఎవరి సొత్తయిందో ఆ పాఠాల్లో లేదు. 2012 కాపీరైట్ సవరణ పాడినవాళ్లకు కూడా రాయల్టీ హక్కు ఉందంది. సంతకం పెట్టిన కాగితం ముక్క కూడా చేతిలో లేని అవ్వకు ఆ హక్కు ఏ వాకిట్లోంచి వస్తుంది?

ఇదంతా రాస్తూ మన సంగతి దాటేస్తే అబద్ధమవుతుంది. మనం, రాసే ఆడవాళ్లం, చేస్తున్నదేమిటి? మొదటి పుస్తకానికి గాజులు తాకట్టు పెట్టినవాళ్లు నాకు తెలుసు. అచ్చుకు డబ్బు, ఆవిష్కరణ సభకు హాలు అద్దె, వచ్చిన పెద్దలకు శాలువాలు, భోజనాలు, సమీక్షకు రెండేసి కాపీలు. తర్వాత ఎవరో ఒక పెద్దమనిషి 'స్త్రీలు విరివిగా రాస్తున్నారు' అని వ్యాసం రాస్తాడు. నేను కూడా నా రెండో పుస్తకాన్ని జీతం డబ్బుతో అచ్చేసుకుని, ఎవరైనా అడిగితే 'ప్రచురణకర్త వేశారు' అని చెప్పుకున్నాను. కట్నమిచ్చి చేసుకున్నవాళ్లు ఇవ్వలేదని చెప్పుకున్నట్టే. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోవడానికి అదొక కారణం.

ఈ గొడవ ఇప్పుడే ఎందుకంటే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు ఎఫ్.ఎం. లేని 234 పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 22 పట్టణాలు. అందులో కడప ఉంది, ప్రొద్దుటూరు ఉంది. వేలంలో డబ్బు పోసి కొన్నవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడు? నగల దుకాణాల ప్రకటనల దగ్గర కొంత. ఇంకొంత పాట దగ్గర, పాడినవాళ్ల దగ్గర. గాలి ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల్లో కలుపు తీసేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. లైసెన్సు ఇచ్చేటప్పుడే షరతు రాయండి. డబ్బు తీసుకుని వేసిన ప్రతి పాటకూ ముందు ఆ మాట తెలుగులో చెప్పాలి. రోజుకు ఇంత సమయం ఆ జిల్లా పాటకు ఇవ్వాలి, పాడినామెకు పారితోషికం కట్టాలి, పేరు చదవాలి. 'మరియు బృందం' అనే మాట నిషేధించాలి. ఇది నవ్వులాటకు అనడం లేదు.

కుదరదంటే, కుదిరిన చోటు ఉంది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు సంఘం రేడియో మొదలుపెట్టారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ రికార్డు చేశారు, ప్రసారం చేశారు. విత్తనాల పాటలు విత్తనాలు దాచే ఆడవాళ్లే పాడారు. వేయించుకోవడానికి ఎవరికీ ఏమీ కట్టలేదు. మా సీమలో అలాంటిది ఒక్కటి పెట్టాలంటే ఎవరెవరం కూర్చుని మాట్లాడాలో ఈ పత్రిక చదివేవాళ్లకు తెలుసు. ప్రొద్దుటూరులో, కడపలో పాఠాలు చెబుతున్న అధ్యాపకురాళ్లు మనలో ఉన్నారు. జానపదం మీద పరిశోధన చేసి పట్టాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ పరిశోధనల్లో పాటలు ఇచ్చిన ఆడవాళ్లు ఎన్నిచోట్ల పేరుతో ఉన్నారో, ఎన్నిచోట్ల 'వక్త, స్త్రీ, 60 సంవత్సరాలు' అని ఉన్నారో తీసి చూసుకుంటే బాగుంటుంది.

ఆ పిల్ల డబ్బు కట్టలేదు. నాకు మొన్న ఫోన్ చేసింది. కళాశాల వార్షికోత్సవంలో పాడిందట. పాడే ముందు, ఈ పాట మా అవ్వది అని చెప్పి అవ్వ పేరు ఇంటిపేరుతో సహా మైకులో చదివిందట. అవ్వను తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టింది. "అవ్వేమన్నాది?" అని అడిగాను.

"మైకు సరిగ్గా పన్జేయలేదు, నా పేరు మళ్లొకతూరి చదువు మ్మే అనింది చిన్నమ్మా."